తాహోలో తొలి స్నోబోర్డింగ్: ఫ్రెండ్స్‌తో వెళ్లేవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

"నలుగురం ఫ్రెండ్స్ తాహో వెళ్తున్నాం. ఎవరికీ స్నోబోర్డింగ్ రాదు. రెండు రోజుల్లో వస్తుందా?" శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఎమ్మెస్ చదువుతున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చలికాలం మొదలవగానే అడిగే ప్రశ్న ఇదే. వస్తుంది. రెండు కాళ్లూ ఒకే బోర్డుకు బిగించుకుని, సులువైన మంచు వాలు మీద అటూ ఇటూ మలుపులు తిప్పుకుంటూ, అనుకున్నచోట ఆగుతూ కిందికి దిగడం రెండు రోజుల్లో చాలామందికి పట్టుబడుతుంది. అయితే ఒక షరతు ఉంది. మొదటి పూట క్లాసు తీసుకోవాలి. "నేను నేర్పిస్తా, పైకి రారా" అనే ఫ్రెండ్ మాట వినకూడదు. ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడితే మీ ట్రిప్ సగం గట్టెక్కినట్టే. మిగతా సగం దారి, బట్టలు, బూట్లు. వాటి గురించి కూడా చెబుతాను.

ఎక్కడికి, ఎప్పుడు

తాహో సరస్సు కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో ఉంది. చుట్టూ పదికి పైగా స్కీ రిసార్టులు ఉన్నాయి. బే ఏరియా నుంచి రెండు దారులు. ఉత్తరం వైపు రిసార్టులకు ఐ-80 మీద డోనర్ పాస్ దాటి ట్రకీ ఊరికి వెళ్లాలి. దక్షిణం వైపు సౌత్ లేక్ తాహోకు యూఎస్-50 మీద ఎకో సమ్మిట్ దాటి వెళ్లాలి. రోడ్డు బాగుంటే నాలుగు గంటల్లోపే చేరొచ్చు. మంచు తుఫాను ఉంటే రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు.

కొత్తవాళ్లకు నా ఓటు బోరియల్, సోడా స్ప్రింగ్స్, నార్త్‌స్టార్‌లకు. మొదటి రెండూ డోనర్ పాస్ దగ్గరే ఉన్న చిన్న రిసార్టులు, ఖర్చు తక్కువ. బోరియల్ అయితే హైవే పక్కనే ఉంటుంది. నార్త్‌స్టార్ పెద్దది, నేర్చుకునేవాళ్లకు అనువైన వాలులు బాగా ఉంటాయి, జేబుకు మాత్రం బరువు. 1960 వింటర్ ఒలింపిక్స్ జరిగిన పాలిసేడ్స్ తాహో అందం వేరు, కానీ నిటారు వాలులకు పేరుపడిన కొండ అది. కర్క్‌వుడ్ కూడా అంతే. ఈ రెండింటినీ రెండో ఏడాదికి ఉంచుకోండి. హెవెన్లీకి వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: ఊళ్లోంచి గొండోలా (కేబుల్ కారు) ఎక్కి పైకి వెళ్లినవాళ్లు సాయంత్రం మళ్లీ గొండోలాలోనే దిగాలి. పైనుంచి బోర్డు మీద జారుకుంటూ ఊళ్లోకి వచ్చే దారి లేదు.

జనవరి నుంచి మార్చి మధ్య దాకా మంచు నమ్మకంగా ఉంటుంది. క్రిస్మస్ వారం, మార్టిన్ లూథర్ కింగ్ వీకెండ్, ప్రెసిడెంట్స్ డే వీకెండ్ వద్దు. ఆ రోజుల్లో పెద్ద రిసార్టుల్లో కౌంటర్ దగ్గర ఒక రోజు టికెట్టే 200 డాలర్లు దాటుతుంది, కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టు దగ్గర క్యూలు సరేసరి. మంగళ, బుధవారాల్లో సెలవు పెట్టగలిగితే అంతకంటే మంచిది లేదు. ముందే ప్లాన్ ఉంటే, ఒకే పాసుతో చాలా రిసార్టుల్లో ఆడనిచ్చే ఎపిక్, ఐకాన్ పాసుల్లో కొన్ని రోజులకే పనికొచ్చేవి సీజన్ మొదలుకాకముందే కొనండి. నార్త్‌స్టార్, హెవెన్లీ, కర్క్‌వుడ్ ఎపిక్ కిందికి వస్తాయి, పాలిసేడ్స్ ఐకాన్ కిందికి. ఒకసారి చూసొద్దాం అనుకునేవాళ్లకు పాసు అక్కర్లేదు. "ఫస్ట్ టైమర్" ప్యాకేజీ చూడండి. క్లాసు, అద్దె సామాను, కింది లిఫ్టుల టికెట్ కలిపి ఒకే ధరకు ఇస్తారు.

కావాల్సినవి

• నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతాయి. ఫ్రెండ్స్ దగ్గర అడిగి తెచ్చుకున్నా చాలు. జీన్స్ మాత్రం వద్దు. పది నిమిషాలు మంచులో కూర్చుంటే తడిసి బిర్రబిగుసుకుపోతాయి, ఆ తర్వాత రోజంతా వణుకే.
• లోపల థర్మల్స్, వాటి మీద పలచటి ఫ్లీస్. కాటన్ బనియన్ చెమటను పట్టి ఉంచుతుంది, ఆగగానే చలేస్తుంది. పాలియెస్టర్ లేదా మెరీనో ఊలు తీసుకోండి.
• పొడవాటి ఊలు సాక్సులు, కాలికి ఒకటే. చలి అని రెండు జతలు వేస్తే బూటు బిగుతై రక్తం ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి.
• నీళ్లు దిగని గ్లవ్స్. ఊలు గ్లవ్స్ గంటలో తడిసిపోతాయి.
• హెల్మెట్, గాగుల్స్. హెల్మెట్ లేకుండా బోర్డు ఎక్కొద్దు.
• మణికట్టు గార్డులు. ఇరవై, ముప్ఫై డాలర్లలో దొరుకుతాయి. కొత్తగా స్నోబోర్డ్ నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా విరిగేది మణికట్టే. నడుము కింద దెబ్బ తగలకుండా ప్యాడ్ ఉన్న షార్ట్స్ కూడా దొరుకుతాయి. రెండో రోజు కూర్చోగలగాలంటే వేసుకోండి.
• ఎస్పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, లిప్ బామ్. మంచు మీద ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయండి.
• నీళ్లు. సరస్సు ఉన్న ఎత్తే సుమారు 6,225 అడుగులు, అంటే అరకుకు రెట్టింపు. రిసార్టులు ఇంకా పైన. మొదటి రోజు కాస్త తలనొప్పి, ఆయాసం మామూలే. ముందు రాత్రి మందు పార్టీ పెట్టుకుంటే అది మరీ ఎక్కువవుతుంది.
• కారు టైర్లు మంచులో జారకుండా వేసే చైన్లు. వీటి గురించి కింద వివరంగా రాశాను.
• హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ అయినా, ఇండియా నుంచి తెచ్చుకున్న ట్రావెల్ పాలసీ అయినా, వర్తించనివాటి జాబితాలో "వింటర్ స్పోర్ట్స్" ఉందేమో బయల్దేరే ముందే చదవండి. ట్రావెల్ పాలసీల్లో ఇది తరచుగా ఉంటుంది, విడిగా కలుపుకోవాల్సి వస్తుంది.

దారి

1. కారు సంగతి తేల్చుకోండి. అద్దె కారైతే రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: చైన్లు వేయనిస్తారా? టైర్లు ఎం+ఎస్ (బురదకు, మంచుకు పనికొచ్చేవని చెప్పే) గుర్తున్నవేనా? చాలా అద్దె కంపెనీల అగ్రిమెంటులో చైన్లు వేయకూడదని ఉంటుంది. వేసి ఏదైనా పాడైతే ఖర్చు మీదే. కౌంటర్లో "ఆల్ వీల్ డ్రైవ్ ఇస్తాం" అన్న మాటను నమ్మి ఊరుకోకండి. బండి ఇచ్చాక వంగి టైరు పక్కన గుర్తు చూడండి, ఫోటో తీసుకోండి. నడిపేవాళ్లందరి పేర్లూ అగ్రిమెంటులో ఉండాలి. 25 ఏళ్లు నిండనివాళ్లకు అదనపు చార్జి ఉంటుంది కాబట్టి ఎవరి పేరు మీద తీసుకోవాలో ముందే ఆలోచించండి.

2. మంచు పడినప్పుడు రోడ్డు పక్కన పెట్టే చైన్ కంట్రోల్ బోర్డులు చదవడం నేర్చుకోండి. ఆర్1 అంటే మామూలు కార్లకు చైన్లు గానీ మంచు టైర్లు గానీ ఉండాలి. ఆర్2 అంటే నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు తప్ప మిగతా అన్నింటికీ చైన్లు వేయాల్సిందే. ఆర్3 అంటే మినహాయింపు ఎవరికీ లేదు, అది పెట్టేలోపే సాధారణంగా రోడ్డు మూసేస్తారు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడ: ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా, ఆ ప్రాంతంలోకి వెళ్లాలంటే డిక్కీలో చైన్లు ఉండాలి. రోడ్డు పరిస్థితి కాలిఫోర్నియా రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ వారి క్విక్‌మ్యాప్ యాప్‌లో కనిపిస్తుంది. కెమెరాలు కూడా ఉంటాయి, బయల్దేరే ముందు డోనర్ పాస్ కెమెరా చూడండి.

3. ఇంటి దగ్గరే ఒకసారి చైన్లు వేసి చూడండి. ఐ-80 మీద కింగ్‌వేల్ దగ్గర రాత్రి పదింటికి, బురద మంచులో మోకాళ్ల మీద కూర్చుని, ఒకడు ఫోన్ లైటు పడుతుంటే ఇంకొకడు ప్యాకెట్ మీది బొమ్మలు చూసుకుంటూ చైను వేసే దృశ్యం ఆ దారిలో మామూలే. ప్యాకెట్ మీది సైజు, టైరు మీది అంకెలు ఒకటేనా చూడండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారైతే ముందు చక్రాలకే వేయాలి. వేశాక కాస్త దూరం వెళ్లి, సురక్షితంగా ఆపుకునే చోటుంటే ఆగి మళ్లీ బిగించండి. గంటకు 25-30 మైళ్లు దాటొద్దు. టపటపమని కొట్టుకునే శబ్దం వస్తే చైను వదులైనట్టు, వెంటనే ఆగండి. చేతకాకపోతే నంబరున్న కోటు వేసుకుని రోడ్డు పక్కన నిలబడేవాళ్లు ఉంటారు. డబ్బు తీసుకుని వాళ్లే వేసిపెడతారు, కానీ చైన్లు అమ్మరు.

4. ట్యాంకు నిండా పెట్రోలు, ఒక దుప్పటి, నీళ్లు, తినడానికి ఏదైనా పెట్టుకోండి. 2024 మార్చి మొదటి వారాంతంలో తుఫాను వచ్చి ఐ-80ని మూసేశారు, బండ్లు గంటల తరబడి మంచులో చిక్కుకుపోయాయి. అలా ఇరుక్కుంటే ఇంజన్ ఆన్ చేసే ప్రతిసారీ ముందు దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది, వాసన కూడా తెలియదు. ఎలక్ట్రిక్ కారైతే చలికి రేంజ్ బాగా తగ్గుతుంది, మధ్యలో ఒకసారి చార్జింగ్ పెట్టండి. హైవే జామైందని మ్యాప్ యాప్ పక్కదారి చూపిస్తే వెళ్లొద్దు. ఆ రోడ్ల మీద మంచు తీసి ఉండదు.

కారు నడపడం టెన్షన్ అనుకుంటే రైలుంది. ఎమరీవిల్ నుంచి బయల్దేరే ఆమ్‌ట్రాక్ కాలిఫోర్నియా జెఫైర్ ట్రకీలో ఆగుతుంది. ఆలస్యాలు ఉంటాయి గానీ, సియెర్రా కొండల మధ్య మంచులో ఆ ప్రయాణం చూసి తీరాల్సిందే.

బూట్లు, బోర్డు

5. అద్దె సామాను వీలైతే ముందు రోజు సాయంత్రమే తీసుకోండి. బే ఏరియాలో స్పోర్ట్స్ బేస్‌మెంట్ లాంటి షాపుల్లో గానీ, ట్రకీలో గానీ. ఉదయం రిసార్టులో తీసుకుంటే తొందరలో ఏది చేతికిస్తే అది వేసుకుని వస్తారు.

ఎక్కువ సమయం బూట్ల మీద పెట్టండి. నిటారుగా నిలబడితే బొటనవేలు కొసకు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. ఇప్పుడు మునివేళ్ల మీద లేవండి. మడమ బూటులోంచి పైకి లేస్తే ఆ బూటు మీది కాదు, అర సైజు తక్కువ అడగండి. షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు, మూడు జతలు మార్చినా పర్లేదు. మడమ కదిలే బూటుతో ఎంత మంచి టీచరున్నా బోర్డు మీ మాట వినదు.

బోర్డు నిలబెడితే గడ్డానికీ పెదవులకూ మధ్యకు రావాలి. బరువు నిజం చెప్పండి, బోర్డు ఎంపికలో ఎత్తు కంటే బరువే ముఖ్యం. తర్వాత "రెగ్యులరా, గూఫీనా?" అని అడుగుతారు. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ. తెలుసుకోవడం సులువు. ఇంట్లో సాక్సులతో నున్నటి నేల మీద నాలుగడుగులు పరిగెత్తి జారండి, ఏ కాలు తనంతట తాను ముందుకు వెళ్తే అదే మీ ముందుకాలు. కుడిచేతివాటానికి దీనికీ సంబంధం లేదు. మొదటి గంటలో రెండూ ఇబ్బందిగానే ఉంటాయి కాబట్టి, గంట దాటాక కూడా కుదరకపోతేనే మార్చి చూడండి. బైండింగులు (బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బిగింపులు) తిప్పితే చాలు.

కొండ మీద

క్లాసు ఉదయం పదింటికి తీసుకోండి. తెల్లవారి మంచు గట్టిగా, ఐసులా ఉంటుంది, పడితే నొప్పి ఎక్కువ. మార్చి తర్వాత మధ్యాహ్నానికి అదే మంచు కరిగి బరువెక్కుతుంది. క్లాసులో చెప్పేవి ఇవే. ముందే తెలిస్తే త్వరగా ఎక్కుతాయి, క్లాసు అయ్యాక సాధన చేసుకోవడానికీ ఈ వరుసే పనికొస్తుంది.

6. ముందు పడటం నేర్చుకోండి. ముందుకు పడుతుంటే పిడికిళ్లు మూసి, మోకాళ్లూ ముంజేతులూ ఆనించండి. వెనక్కి పడుతుంటే కిందికి కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మీదకు దొర్లండి. అరచెయ్యి చాచి ఆపుకోవాలని చూస్తే మణికట్టు పోతుంది. లేవడం కూడా ఇప్పుడే: కూర్చుని లేవలేకపోతే వీపు మీద పడుకుని, బోర్డు గాల్లోకి ఎత్తి, బోర్లా తిరగండి. మోకాళ్ల మీద నుంచి లేవడం చాలామందికి సులువు.

7. చదును నేల మీద ఒంటికాలితో నడపండి. ముందుకాలు మాత్రం బైండింగులో బిగించి, వెనకకాలితో తోయండి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, తర్వాత లిఫ్టు దిగేటప్పుడు పడతారు. ఇరవై, ముప్ఫై అడుగులు బోర్డు వైపు చూడకుండా తిన్నగా వెళ్లగలిగితే పాసైనట్టు.

8. చిన్న వాలు మీద తిన్నగా జారండి. కింద చదునుగా ఉన్నచోటే. వెనకకాలు బైండింగుకు ఆనించి బోర్డు మీద పెట్టి, మోకాళ్లు వంచి, చూపు ఎదురుగా.

9. హీల్ సైడ్. రెండు కాళ్లూ బిగించి, ముఖం కిందికి, బోర్డు వాలుకు అడ్డంగా. మునివేళ్లు పైకెత్తితే బోర్డు వెనకంచు మంచులో దిగి ఆగుతారు. కొద్దిగా దించితే నెమ్మదిగా కిందికి జారతారు. నడుము వంచి ముందుకు తొంగిచూడొద్దు, కుర్చీలో కూర్చోబోతున్నట్టు మోకాళ్లు వంచండి. పరీక్ష ఇది: ఫ్రెండును "ఆగు" అనమనండి. అన్న చోటనే ఆగగలిగితే ముందుకు వెళ్లండి.

10. టో సైడ్. ఇప్పుడు ముఖం కొండ పైకి, వీపు కిందికి. పిక్క ముందు ఎముకతో బూటు నాలుకను నొక్కుతూ మునివేళ్ల మీద నిలబడాలి. ఎటు వెళ్తున్నారో కనిపించదు కాబట్టి భయమేస్తుంది. అందుకే సగం మంది ఇది వదిలేసి రోజంతా హీల్ సైడ్ మీదే గీక్కుంటూ దిగుతారు, సాయంత్రానికి తొడలు మండిపోతాయి. హీల్ సైడ్ మీద ఎంతసేపు గడిపారో దీని మీదా అంతసేపు గడపండి.

11. రాలే ఆకులా అటూ ఇటూ. హీల్ సైడ్ మీద ఉండగానే ఎడమకాలి మీద కాస్త బరువు వేస్తే ఎడమకు, కుడికాలి మీద వేస్తే కుడికి బోర్డు వెళ్తుంది. తర్వాత టో సైడ్ మీదా ఇదే. చూపు ఎటుంటే బోర్డు అటు వెళ్తుంది, ఇది నిజంగా అంతే. చెట్టును చూస్తే చెట్టు దగ్గరకే పోతారు.

12. మలుపు. అడ్డంగా మెల్లగా పోతూ, బరువు ముందుకాలి మీద వేసి, తల, భుజాలు వెళ్లాల్సిన వైపు తిప్పండి. బోర్డు ముక్కు కిందికి తిరుగుతుంది. ఒక్క క్షణం తిన్నగా లోయలోకి పోతున్నట్టు అనిపిస్తుంది. మొత్తం స్నోబోర్డింగులో కష్టమైనది ఆ ఒక్క క్షణమే. భయంతో ఒళ్లు వెనక్కి వాలిపోతుంది. వెనక్కి వాలితే బోర్డు తిరగదు, వేగం మాత్రం పెరుగుతుంది. ముందు మోకాలి మీద బరువు ఉంచి ఓపిక పట్టండి, బోర్డు తిన్నగా అయ్యాక అంచు మార్చండి. ముందు ఒక్కొక్క మలుపు తిప్పి ఆగండి. ఆ తర్వాత రెండు కలపండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? కింద ఆగి వెనక్కి తిరిగి మీ జాడ చూడండి. మంచు మీద వెడల్పుగా గీకేసిన పట్టీ ఉంటే ఇంకా జారుతున్నారు. మలుపు పొడవునా సన్నని వంపుగీత కనిపిస్తే అంచు పట్టు దొరికింది. ఫ్రెండుతో వీడియో తీయించుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది, వెనక్కి వాలుతున్నారో లేదో అందులో దొరికిపోతుంది.

13. చెయిర్ లిఫ్టు. 7 నుంచి 10 వరకు వచ్చాకే ఎక్కండి. అప్పటిదాకా నిలబడితే పైకి తీసుకెళ్లే కదిలే పట్టీ చాలు. ఎక్కేముందు ఆపరేటర్‌కు "ఫస్ట్ టైం" అని చెబితే నెమ్మది చేస్తారు, అడగడానికి సిగ్గుపడొద్దు. ఒక కుర్చీలో ఇద్దరు కొత్తవాళ్ల కంటే ఎక్కువ వద్దు. దిగే చోట బోర్డు తిన్నగా ఉంచి, వెనకకాలు బోర్డు మీద పెట్టి, లేచి నిలబడి, తిన్నగా జారిపోండి. పక్కవాళ్ల జాకెట్టు పట్టుకోవద్దు, ఇద్దరూ పడతారు. పడితే వెంటనే పక్కకు పాకండి, వెనక కుర్చీ వస్తూనే ఉంటుంది.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికంటే పెద్దది మొదట్లోనే చెప్పాను. నాలుగు సీజన్లు ఆడిన ఫ్రెండుకు తను ఎలా నేర్చుకున్నాడో గుర్తుండదు. "ఏం కాదు బ్రో, పైనుంచి ఒక్కసారి దిగితే వచ్చేస్తుంది" అని నీలం గుర్తున్న వాలు మీదకు తీసుకెళ్తాడు. అక్కడి నుంచి దిగడానికి గంటన్నర, పదిసార్లు పడటం, ఆ తర్వాత ఆ మనిషి జన్మలో బోర్డు ముట్టడు. ఆకుపచ్చ వృత్తం సులువైనది, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. మొదటి రెండు రోజులూ ఆకుపచ్చ తప్ప వద్దు. వచ్చినవాళ్లూ రానివాళ్లూ కలిసి వెళ్లిన గ్రూపు అయితే, విడిపోయి ఆడి మధ్యాహ్నం భోజనానికి ఒకచోట కలవండి. రానివాళ్లను లాక్కెళ్లొద్దు, వచ్చినవాళ్లను కట్టి పడేయొద్దు.

ఉన్నట్టుండి ఎవరో తోసినట్టు బోర్లా గానీ వెల్లకిలా గానీ పడ్డారంటే, బోర్డు వాలు కింది వైపు అంచు మంచుకు తగిలిందన్నమాట. అన్ని దెబ్బల్లోకీ గట్టిది ఇదే. బోర్డు చదునుగా పెట్టి అడ్డంగా జారితేనే ఇలా అవుతుంది. ఎప్పుడూ పై వైపు అంచు మీదే బరువుండాలి, అలసిపోయినప్పుడు మరీ జాగ్రత్త.

వాలు మధ్యలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడం ఇంకొకటి. గుట్ట వెనక కూర్చుంటే పైనుంచి వచ్చేవాళ్లకు మీరు కనిపించరు. పక్కకు వెళ్లి, పైవాళ్లకు కనిపించేచోట ఆగండి. మీ ముందున్నవాళ్లకు దారి ఇవ్వాల్సింది మీరే. మళ్లీ బయల్దేరే ముందు పైకి ఒకసారి చూడండి. తాడు కట్టి మూసిన చోటుకు ఎంత మంచి మంచు కనిపించినా వెళ్లొద్దు. పెద్ద మంచు పడ్డాక చెట్ల మొదళ్ల చుట్టూ గుల్ల గుంటలు ఉంటాయి, అందులో తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రాలేరు.

మూడింటికి "లాస్ట్ రన్" అనుకుంటే అది నిజంగానే ఆఖరుది కావాలి. కాళ్లు వణుకుతుంటే, రెండుసార్లు ఊరికే పడ్డారంటే, ఆ రోజుకు చాలు.

దెబ్బ తగిలితే

పడ్డవాళ్లను లేపడానికి తొందరపడొద్దు. పై వైపు ఒక బోర్డు మంచులో గుచ్చి నిలబెట్టండి, వచ్చేవాళ్లు తప్పుకుంటారు. రిసార్టు యాప్‌లో స్కీ ప్యాట్రోల్ నంబరు ఉంటుంది, ఉదయమే అందరూ ఫోన్లో సేవ్ చేసుకోండి. ప్యాట్రోల్ వాళ్లు కిందికి దించడానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. అంబులెన్సుకు, ఎమర్జెన్సీకి మాత్రం బిల్లు వస్తుంది. మణికట్టు వాచి కదపలేకపోతుంటే అర్జెంట్ కేర్ క్లినిక్‌లో ఎక్స్‌రే తీయిస్తే చాలు, సాధారణంగా ఖర్చు తక్కువ. తలకు దెబ్బ తగిలి వాంతి అవుతున్నా, అడిగిందే అడుగుతున్నా, నిద్రమత్తుగా ఉన్నా బిల్లు గురించి ఆలోచించకండి, 911కి ఫోన్ చేయండి. ట్రకీలో తాహో ఫారెస్ట్ ఆసుపత్రి, సౌత్ లేక్ తాహోలో బార్టన్ ఆసుపత్రి ఉన్నాయి.

క్యాబిన్, తిండి, డబ్బు

కొండ మీద తిండి ఖరీదు. వెజిటేరియన్లకు ఫ్రైస్, పిజ్జా తప్ప పెద్దగా దొరకదు. వంటిల్లున్న క్యాబిన్ తీసుకుని ఉదయమే పులిహోర గానీ చపాతీ రోల్స్ గానీ చేసి బ్యాగులో పెట్టుకోండి. పెరుగన్నం ఆ చలిలో గొంతు దిగదు.

తినగా మిగిలింది మాత్రం కారులో వదలొద్దు. తాహో చుట్టూ నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. మనుషుల తిండి మరిగినవి చలికాలంలోనూ తిరుగుతాయి. వాసన పట్టి కారు తలుపు తెరిచి, సీట్లు చీల్చేస్తాయి. బిర్యానీ డబ్బాలు, చిప్స్ ప్యాకెట్లు, చివరికి చూయింగ్ గమ్ కూడా ఇంట్లోకి తెచ్చేయండి. చెత్త బయట ఉండే ఇనుప పెట్టెలోనే వేసి గడియ పెట్టండి. ఎలుగు లోపలికి వస్తే ఎక్కువ నష్టపోయేది అదే, ఇళ్లలో దూరడం అలవాటైన ఎలుగును చివరికి చంపేసే పరిస్థితి వస్తుంది.

క్యాబిన్ బుక్ చేసేటప్పుడు మూడు అడగండి: ఇంటి ముందు మంచు ఎవరు తీస్తారు, ఎన్ని కార్లకు చోటుంది, వాలు మీద ఉందా? కారును రోడ్డు మీద వదిలితే మంచు తీసే బండ్లకు అడ్డమని లాక్కుపోతారు. కొన్ని రిసార్టుల్లో వీకెండ్ పార్కింగ్ కూడా ముందే బుక్ చేసుకోవాలి. ఖర్చులు ఏ రోజువి ఆ రోజే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఎక్కించండి. బోర్డు ఆడనివాళ్లతో లిఫ్ట్ టికెట్ డబ్బులు పంచించొద్దు, ట్రిప్ అయ్యాక మాటలు పోవడానికి ఎక్కువగా అదే కారణం.

తిరిగి రావడం

14. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడు దాకా రెండు హైవేలూ కిక్కిరిసి ఉంటాయి. పన్నెండింటికే బయల్దేరండి, లేదా ట్రకీలో భోంచేసి ఎనిమిది తర్వాత బయల్దేరండి. రోజంతా బోర్డు ఆడినవాళ్లు కాకుండా విశ్రాంతి తీసుకున్నవాళ్లు నడిపితే మంచిది. తుఫాను హెచ్చరిక ఉంటే సోమవారం సెలవు మెసేజ్ శనివారమే పెట్టేయండి.

15. చైన్ కంట్రోల్ దాటగానే చైన్లు తీసేయండి, మామూలు రోడ్డు మీద అవి టైరునూ రోడ్డునూ పాడుచేస్తాయి. ఇంటికి రాగానే ఉప్పునీళ్లు పోయేలా కడిగి, ఆరబెట్టి సంచిలో పెట్టండి. అసలు వాడాల్సిన అవసరమే రాకపోతే రసీదు దాచుకోండి. వాడని చైన్లను కొన్ని షాపులు వెనక్కి తీసుకుంటాయి, గడువు ఎంతో కొన్నప్పుడే అడిగి పెట్టుకోండి.